బట్టలుతికే గదిలో కొలతలమ్మ

మా అత్తయ్య మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తే మా భవనంలో మొదట మాయమయ్యేది ఉప్పు డబ్బా. తర్వాత సిగరెట్ పెట్టె. ఆ తర్వాత, వీలైతే, ఇంటాయన.

అత్తయ్యది ఆరోగ్య కేంద్రంలో ఇంటింటికీ తిరిగే ఉద్యోగం. భుజాన నీలం సంచి, అందులో బీపీ మిషన్, షుగరు చూసే సూదులు, నడుం కొలిచే టేపు. ఆ టేపు నాది. బట్టలు కుట్టుకోవడానికి నేను కొనుక్కున్నది పొద్దున్నే పట్టుకుపోయి, సాయంత్రం అడిగితే, "నీ టేపు ఇవాళ ఎంతమంది కళ్లు తెరిపించిందో తెలుసా?" అనేది. నా జాకెట్లు ఎన్ని ఆగిపోయాయో మాత్రం అడిగేది కాదు. భవనంలో అందరూ ఆవిడకి కొలతలమ్మ అని పేరు పెట్టారు. చాటున కొలతలమ్మ, ఎదురుగా మేడమ్.

ఆవిడ సిద్ధాంతం ఒకటే. జబ్బు తలుపు తట్టి రాదు కాబట్టి, దానికన్నా ముందు మనమే వెళ్లి తట్టాలి. మంచివాళ్ల తలుపు, చెడ్డవాళ్ల తలుపు, కుక్క ఉన్నవాళ్ల తలుపు, అన్నీ తట్టాలి. ఎవరి కథలూ వినకూడదు. కథ వింటూ కూర్చుంటే పై అంతస్తులో మనిషి పడిపోతాడు. ఇలా మోకాళ్ల నొప్పులతోనే ఆరంతస్తులూ ఎక్కి దిగేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచం పట్టింది. చూసుకోవడానికి బడి మానేశాను. అమ్మ పోయాక మళ్లీ వెళ్లమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. నాన్న చెల్లెలైన అత్తయ్య నన్ను తన దగ్గరికి తెచ్చుకుని, ఒక పాత కుట్టుమిషన్ సంపాదించి, కింది అంతస్తులో బట్టలుతికే గదిలో కిటికీ పక్కన పెట్టించింది. జిప్పులు మార్చడం, అంచులు మడవడం, పిల్లలు పెరిగితే కుట్లు విప్పడం నా పని. ఆ గదిలో నాలుగు వాషింగ్ మిషన్లు ఉండేవి. నాలుగోది ముసలిది, బట్టలు పిండేటప్పుడు గదంతా గంతులేసేది. నేను పెద్దగా మాట్లాడను. అందుకని మిషన్లు నాలుగు కాదు, అయిదు అన్నట్టే చూసేవాళ్లు నన్ను. దానివల్ల ఒక లాభం ఉంది. నా ముందు ఎవరూ గొంతు తగ్గించరు.

ఇక మామయ్య. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన ఉండే భవనంలో లిఫ్టు మాత్రం ఎప్పుడూ పనిచేయదు. అడిగితే, "అది వేరే కంపెనీది, పరాయి లిఫ్టు మీద చెయ్యి వేయకూడదు" అనేవాడు. మామయ్య నోట్లో నువ్వుగింజ నానదు. గడ్డం గీసుకుంటూ మాట్లాడేవాడు, పళ్లు తోముకుంటూ మాట్లాడేవాడు, నిద్రలో కూడా ఎవరితోనో తాడు వదలమని చెబుతుండేవాడు.

ఇంత మాటకారి, అత్తయ్య బీపీ పట్టీ బయటికి తీస్తే చాలు, జారుకునేవాడు. ఇప్పుడే తిన్నాననేవాడు. ఇప్పుడే మెట్లెక్కి వచ్చాననేవాడు. ఒకసారి, "నీ చెయ్యి తగిలితే నాకు ఇప్పటికీ గుండె దడేనోయ్, కొలత సరిగ్గా రాదు" అన్నాడు. అత్తయ్య సిగ్గుపడి పట్టీ లోపల పెట్టేసి, వంటింట్లోకి వెళ్లాక తను మోసపోయానని గ్రహించింది. కానీ పొద్దున లేవగానే ఆయన కణతలు నొక్కుకోవడం ఆవిడ చూస్తూనే ఉంది, నేనూ చూస్తూనే ఉన్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది కొలతలమ్మ సంసారం అని బట్టలుతికే గదిలో నవ్వుకునేవాళ్లు. భవనమంతా కొలిచిన మనిషికి సొంత మొగుడి చెయ్యి అందకపోవడం అత్తయ్యకి మోకాళ్ల నొప్పికన్నా పెద్ద నొప్పి.

అలా ఉండగా ఆరోగ్య కేంద్రంలో అత్తయ్య గది ఎదుట ఇంకో గదికి కొత్త బోర్డు వచ్చింది. అత్తయ్య గది మీద 'ప్రజారోగ్యం' అని ఉండేది. కొత్త గది మీద 'సమాజ మనస్తత్వం' అని రాశారు. అందులోకి వచ్చిన అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. మొదటిరోజే గదికి తాళం వేసి, మా బట్టలుతికే గదికి వచ్చి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది.

"సంచి లేకుండా ఉద్యోగానికి వచ్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను" అంది అత్తయ్య ఆ రాత్రి.

"ఏం చేస్తుందట?" అన్నాడు మామయ్య.

నన్ను చూశారు ఇద్దరూ. కూర్చుంటుంది, అడుగుతుంది, వింటుంది అని చెప్పాను.

"దానికి జీతం ఇస్తారా? తెలియక నేను ఇన్నాళ్లూ ఊరికే చేశాను" అన్నాడు మామయ్య. వారం తిరక్కుండానే ఆ అమ్మాయికి కబుర్లమ్మ అని పేరు స్థిరపడింది. అది మామయ్య పెట్టిన పేరే.

ఒకరోజు అత్తయ్య నేరుగా వచ్చి అడిగేసింది, అసలు నీ పని ఏమిటమ్మా అని. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే జబ్బు కనిపిస్తుందనీ, అందరినీ కలిపి చూస్తే దాని వేరు కనిపిస్తుందనీ, అందుకే వీళ్లకేం కావాలో వీళ్లనే అడుగుతాననీ ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది.

"వీళ్లకేం కావాలో నాకు తెలుసు. ఉప్పు తగ్గాలి" అంది అత్తయ్య.

"అది మీరు చెప్పారు కదా, ఆంటీ. వాళ్లేం చెప్పారు?"

ఆ ప్రశ్న కన్నా ఆంటీ అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. రాత్రి అద్దంలో జుట్టు చూసుకుంటూ, "నేను ఆంటీలా ఉన్నానా?" అంది. మామయ్య, లేదు, మేడమ్‌లా ఉన్నావన్నాడు.

ఎవరి పద్ధతి గొప్పదో తేల్చడానికి భవనమంతా కాచుకుని కూర్చుంది కానీ, అది ఒక పట్టాన తేలలేదు. రెండో అంతస్తులో టైపు నేర్పే టీచరమ్మకి చాలాకాలంగా నిద్ర లేదు. అత్తయ్య ఆవిడ చేత సాయంత్రం టీ మాన్పించింది, నడిపించింది. నిద్ర రాలేదు. కబుర్లమ్మ బకెట్ మీద కూర్చుని కదిపితే తెలిసింది, తెల్లారకముందే నీళ్ల పంపు ఆవిడ మంచం కిందే మోగినట్టు మోగుతుందట. ఆవిడకే కాదు, ఆ వరుసలో ఇళ్లన్నిటికీ అదే బాధ. ఎవరికి వాళ్లు తమ నరాల బలహీనతే అనుకున్నారు. పదిమంది కలిసి అడిగితే పంపు వేసే వేళ మారింది. టీచరమ్మ నిద్రపోయింది. "టీ మానేసింది కదా, దానివల్లే" అంది అత్తయ్య. కానీ ఆ మాట అనేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

తర్వాత వాచ్‌మన్ సంగతి. మనిషి నీరసించిపోయాడు, కూతురు వేరే ఊరు వెళ్లిపోయిన దిగులని గదిలో అందరూ తేల్చారు. కబుర్లమ్మ కూడా నమ్మింది. రోజుకొకరు ఆయన దగ్గర కాసేపు కూర్చునే ఏర్పాటు చేసింది. అందరూ కూర్చున్నారు, ఆయన ఇంకా చిక్కిపోయాడు. ఒకరోజు అత్తయ్య అటుగా వెళ్తూ, ఆయన సీసాలో నీళ్లు గటగటా తాగడం చూసి, సంచి దింపి వేలికి సూది గుచ్చింది. షుగరు ఆకాశంలో ఉంది.

"దిగులుకి దాహం వెయ్యదమ్మా" అంది కబుర్లమ్మతో.

ఆ అమ్మాయి వాదించలేదు. "నేను సూది గురించి ఆలోచించలేదు, అక్కా" అంది.

అక్కా అన్న మాట ఎలా పనిచేసిందో ఏ మిషనూ కొలవలేదు కానీ, నేను చూశాను. అత్తయ్య ఆ సాయంత్రం నా టేపు అడక్కుండానే తిరిగి ఇచ్చింది.

ఆ స్నేహంలోనే ఒక ఆలోచన పుట్టింది. మీరు పైకెక్కి తలుపులు కొట్టడం ఎందుకు, సెలవురోజు అందరూ ఉతుక్కోవడానికి కిందికే వస్తారు కదా, ఇక్కడే కొలవండి అంది కబుర్లమ్మ. తలుపు తట్టకపోతే అది తన ఉద్యోగమే కాదని అత్తయ్య కాసేపు బిగుసుకుంది. చివరికి మోకాళ్లు ఒప్పించాయి.

ఆ సెలవురోజు నేను మర్చిపోలేను. బట్టల బుట్టలతో జనం దిగారు. కబుర్లమ్మ చుట్టూ నవ్వులు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట. మధ్యలో బల్ల వేసుకుని అత్తయ్య. ఎన్నడూ లేనిది, మనుషులు తమంతట తాము వచ్చి చెయ్యి చాపుతున్నారు. "మేడమ్, నాది చూడండి." "ముందు నాది." ఆవిడ మొహం పెళ్లినాటి ఫొటోలోలా వెలిగిపోయింది. నాలుగో మిషన్ ఆ బల్ల పక్కనే గంతులేస్తోంది. పట్టీ బిగుస్తుండగానే ఒకావిడ ఆడపడుచు మీద చాడీ చెబుతోంది, ఇంకొకాయన అద్దె పెంచిన యజమానిని తిడుతున్నాడు. అంకెలన్నీ ఎక్కువే వచ్చాయి.

ఉతికిన యూనిఫాం తీసుకోవడానికి మామయ్య అప్పుడే వచ్చాడు. జనం ఊరుకుంటారా? కొలతలమ్మ మొగుడు దొరికాడని భుజాలు పట్టి కూర్చోబెట్టారు. పారిపోవడానికి దారిలేక చెయ్యి చాపాడు. ఆయనది అందరికన్నా ఎక్కువ వచ్చింది. మరుక్షణం లేచి, "సరే, అందరితో పాటు నేనూ. మన భవనమే పొగరుబోతు భవనం" అని అందరినీ నవ్వించి వెళ్లిపోయాడు.

అత్తయ్య ఆ రోజే పెద్దాఫీసుకి ఫోన్ చేసింది. మా భవనంలో ఇంటింటా బీపీ ఉంది, వెంటనే డాక్టరుని పంపండి అని. మర్నాడు పొద్దున్నే డాక్టరుగారు వ్యాన్‌లో వచ్చారు. మంచాయన. మిషన్లన్నీ ఆపించారు. ఒక్కొక్కరినీ కుర్చీలో వెనక్కి ఆనించి, కాళ్లు నేల మీద పెట్టించి, ఐదు నిమిషాలు నోరు విప్పొద్దని చెప్పి, అప్పుడు కొలిచారు. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ నిక్షేపంలా ఉన్నారు. మాట్లాడుతుంటే కొలత పెరుగుతుందని మీకు తెలియంది కాదు కదా అని అత్తయ్యతో నెమ్మదిగా అని, ఆయన వెళ్లిపోయారు.

తెలియక కాదు. ఇన్నేళ్లూ ఆవిడ ఎవరికీ నోరు ముయ్యమని చెప్పవలసిన అవసరం రాలేదు. కొలతలమ్మ ఎదుట ఎవరు నోరు విప్పారు గనక? మొట్టమొదటిసారి తన చుట్టూ జనం నవ్వుతూ కూర్చుంటే, ఆ మాటలు ఆపించడానికి ఆవిడకి మనసొప్పలేదు. అంతే జరిగింది.

డాక్టరు వచ్చినప్పుడు మామయ్య డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. నేను కుడుతున్నాను. కబుర్లమ్మ బకెట్ మీద ఉంది. అత్తయ్య నీలం సంచి మేకుకి తగిలించి దానికేసి చూస్తోంది. ఇకమీద తనేం కొలిచినా ఎవరు నమ్ముతారని అప్పటికే చాలాసార్లు అంది. మామయ్య గుమ్మంలో నిలబడే అన్నీ విని ఓదార్చాడు. పొరపాటు ఎవరికైనా వస్తుందన్నాడు. అయినా మంచే జరిగింది, అందరిదీ మామూలే అని తేలింది కదా అన్నాడు. ఆఖర్న, "నాదీ మిషన్ తప్పేనోయ్. ఇక ఆ గొడవ వదిలెయ్యి" అన్నాడు.

అత్తయ్య తలూపింది. అది చూసే నాకు భయం వేసింది. మామయ్య ఏం చెప్పినా ఊరికే తలూపే మనిషి కాదు ఆవిడ. ఆ రోజు తన కొలత మీద తనకే నమ్మకం పోయి ఉంది. ఆ తలూపుడుతో పాటే మామయ్య కూడా జారిపోతాడు, రేపు పొద్దున కణతలు నొక్కుకుంటూ లిఫ్టు గొయ్యిలో అంత ఎత్తుకి ఎక్కుతాడు.

కుట్టుమిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాను. "మామయ్య ఆరోజు మాట్లాడలేదు, అత్తయ్యా" అన్నాను.

ముగ్గురూ నాకేసి చూశారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అందరూ మాట్లాడుతుంటే కొలిచావు. మామయ్యకి కొలిచేటప్పుడు నాలుగో మిషన్ కూడా ఆగిపోయి ఉంది. మామయ్య పట్టీ వైపే చూస్తూ కూర్చున్నాడు. పట్టీ విప్పేదాకా ఒక్క మాట కూడా అనలేదు."

"చూశావా, నీ మేనకోడలు సందు దొరికితే..." అని మొదలుపెట్టిన మామయ్య, ఆ మాట పూర్తి చేయలేదు. అత్తయ్యకి అర్థమైంది. ఆ రోజు కొలతలన్నిటిలో సరిగ్గా తీసింది అదొక్కటే.

ఆవిడ దిగ్గున లేచింది. వెంటనే మామయ్యని ఆసుపత్రికి లాక్కెళ్లేదే. దారిలో ఉప్పు గురించి, సిగరెట్ల గురించి, గడిచిన ఇన్నేళ్ల గురించీ దులిపేసేదే. అప్పుడు కబుర్లమ్మ ఏమీ అనకుండా అత్తయ్య మోచేతి మీద చెయ్యి వేసింది. అత్తయ్య ఆగింది. కొంచెంసేపటికి, తనకి అలవాటు లేని పని చేసింది. అడిగింది.

"ఎందుకు మాట్లాడలేదండీ?"

మామయ్య గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. కంపెనీ వాళ్లు కిందటేడు అందరికీ పరీక్షలు చేయించారట. బీపీ ఎక్కువున్నవాళ్లు ఎత్తు మీద పనిచేయకూడదన్నారట. ఆయనకి పని నేర్పిన పెద్ద మేస్త్రిని అలాగే ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఆ మేస్త్రి కూరగాయల సంచులు మోస్తున్నాడట. ఆ పరీక్షల రోజు మామయ్య ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని అబద్ధం చెప్పి తప్పించుకున్నాడు. ఆయనొక్కడే కాదు, చాలామంది.

"కొలిస్తేనే కదా ఉన్నట్టు. కొలవకపోతే ఉద్యోగం ఉంటుంది" అన్నాడు.

నువ్వుగింజ నానదనుకున్న నోట్లో ఏడాదిపాటు ఇది నానింది.

అత్తయ్య మేకు మీది నీలం సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. కంపెనీలన్నీ పరీక్షలు చేయించాలని వెంటపడింది ఆరోగ్య కేంద్రం వాళ్లే. అది సాధించినందుకు ఆఫీసులో స్వీట్లు పంచుకుంటే, తన వాటా ఇంటికి తెచ్చి మామయ్యకే తినిపించింది. "మేం కొలవమని చెప్పాం. కొలిచాక ఏం చెయ్యాలో చెప్పలేదు" అంది కబుర్లమ్మతో.

"ఏం చెయ్యాలో వాళ్లకి తెలిసే ఉంటుంది, అక్కా. అడుగుదాం" అంది ఆ అమ్మాయి.

ముందు మామయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, మాత్రలు మొదలయ్యాయి. అంకె దిగేదాకా ఎత్తు మీద పనికి ఎక్కనని అత్తయ్య చేతిలో చెయ్యి వేసి సెలవు పెట్టాడు. తర్వాత ఒక సాయంత్రం లిఫ్టు మెకానిక్కులంతా మా గదిలోకి వచ్చారు. అంత పెద్ద మనుషులు వాషింగ్ మిషన్ల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే నాకు నవ్వొచ్చింది. పెద్ద మేస్త్రి కూడా వచ్చాడు. కబుర్లమ్మ ఒకే ఒక ప్రశ్న అడిగి ఊరుకుంది. మిగతాదంతా వాళ్లే మాట్లాడుకున్నారు. వాళ్లు కోరింది పెద్దదేం కాదు. బీపీ ఉందని తేలితే ఇంటికి పంపొద్దు, తగ్గేదాకా వర్క్‌షాపులో కింద పని ఇవ్వండి, తగ్గాక మళ్లీ పైకి పంపండి. అలాగైతే అందరం చెయ్యి చాపుతాం అన్నారు.

మేనేజరు దగ్గరికి వాళ్లతో పాటు అత్తయ్య కూడా నీలం సంచి తగిలించుకుని వెళ్లింది. మందులు వేసుకుంటే ఎన్నాళ్లకి దిగుతుందో, దాచుకుని పైకెక్కితే ఏమవుతుందో వివరంగా చెప్పిందట. మేనేజరు మొదట కుదరదన్నాడట. మాటల మధ్యలో సంచిలోంచి ఏదో తీయబోతే టేపు బయటపడిందట, ఆయన పొట్ట లోపలికి లాక్కుని బిగుసుకుని కూర్చున్నాడట. అలా ఊపిరి బిగబట్టే చివరిదాకా విన్నాడని మామయ్య చెబుతాడు. మామయ్య చెప్పేదాంట్లో సగం తీసేసినా, ఒప్పుకున్న మాట నిజం. పెద్ద మేస్త్రి వర్క్‌షాపుకి తిరిగొచ్చాడు. ఆయన పక్క బల్ల దగ్గరే మామయ్య లిఫ్టు తలుపుల మోటార్లు విప్పుతున్నాడు. భూమ్మీద పనిలో మజా లేదని రోజూ సణుగుతాడు కానీ, పొద్దున కణతలు నొక్కుకోవడం మానేశాడు.

ఇప్పుడు సెలవురోజు మా గదిలో కొత్త పద్ధతి నడుస్తోంది. అత్తయ్య చెయ్యెత్తితే నాలుగు మిషన్లూ, నా కుట్టుమిషనూ ఆగిపోతాయి. ఐదు నిమిషాలు గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. కొలత అయ్యాక ఎవరి బుట్ట వాళ్లు పట్టుకుని కబుర్లమ్మ దగ్గరికి జరుగుతారు. రెండు బోర్డులు వేరుగానే ఉన్నాయి, వాదనలు కూడా మానలేదు. మొన్ననే, తలుపు తట్టడం గొప్పా, తలుపు వాళ్లే తీసేదాకా ఆగడం గొప్పా అని పోట్లాడుకున్నారు. నన్ను చెప్పమన్నారు. కొలతలు తీసుకోకుండా జాకెట్ కత్తిరించలేనని చెప్పాను. తొడిగి చూసి, చెయ్యెత్తితే ఎక్కడ పట్టేస్తోందో అడగకపోతే అది ఒంటి మీద నిలవదని కూడా చెప్పాను. "ఇదీ మాట్లాడటం నేర్చింది" అంది అత్తయ్య.

అందరికన్నా చివర మామయ్య కూర్చుంటాడు. కుర్చీలో వెనక్కి ఆని, పాదాలు నేల మీద పెట్టి, పెదాలు బిగించి, ఉగ్గబట్టుకుంటాడు. చెంపలు ఉబ్బిపోతాయి. ఇన్నేళ్ల కాపురంలో తను సుఖపడ్డది ఈ ఐదు నిమిషాలేనని అత్తయ్య అందరికీ వినపడేలా అంటుంది. మామయ్య కళ్లతోనే కస్సుమంటాడు. ఆవిడ మాత్రం ఆ ఐదు నిమిషాలూ అంకెకేసి కాదు, ఆయన మొహంకేసే చూస్తుంటుంది.

పట్టీలోంచి గాలి బుస్సుమని పోతుంది. అంకె బాగుందని అత్తయ్య తలూపుతుంది. మామయ్య ఊపిరి వదిలి, "...అప్పుడు ఆ మేస్త్రి నాతో ఏమన్నాడంటే" అని, ఆపిన చోటినుంచే అందుకుంటాడు.